నలుబదియారవ వంతు రైలు

మా పర్లాకిమిడి పేరు చెప్పగనే తెలుగువారికి మొదట స్ఫురించువారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన ఈ యూరి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులై, సవరల భాషకు ఎనలేని సేవ చేసి, వాడుక తెలుగు నిలద్రొక్కుకొనుటకై పోరాడిరి. మా యూరికి పేరు తెచ్చినది మరియొకటి గలదు. అది మా చిన్న రైలు. పంతులుగారిని గూర్చి పెద్దలెందరో వ్రాసియున్నారు. రైలును గూర్చి, అందును నా మేడమీది గదిలో నేడు నడచుచున్న రైలును గూర్చి వ్రాయుటకు నావంటి పింఛనుదారుడు చాలునని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని. వాడుక భాషకై వాదించిన మహనీయుని యూరివాడవై యుండి నీకీ పుస్తకభాష యేలయని పాఠకులు అడుగవచ్చును. మెట్రిక్యులేషను ప్యాసై కచేరీలో గుమాస్తాగా చేరిన నాటినుండి విరమించు నాటివరకు నేను వ్రాసినదంతయు ఒడియా, ఇంగ్లీషు. తెలుగు వ్రాత మాత్రము చిన్ననాట మా తెలుగు మాస్టారు దిద్దించినచోటనే నిలిచిపోయినది. ఉన్నదానితోనే పని జరుపుకొనవలెను గదా.

పర్లాకిమిడి ప్రభువు గౌరచంద్ర గజపతి నారాయణ దేవుగారు తమ రాజధానిని పెద్ద లైనుమీది నౌపడతో కలుపదలచి 1898లో పని ప్రారంభింపజేసిరి. సుమారు 40 కిలోమీటర్ల దారికి 7 లక్షల రూపాయలు వ్యయమయ్యెను. 1900లో బండ్లు నడచుట మొదలైనది. తొలి సంవత్సరములలో నష్టమే వచ్చెను. 1910 తరువాత కొద్దిపాటి లాభము కనబడెను. 1924–25 మొదలు లాభము పెరుగగా, లైనును 1929లోను 1931లోను రెండు విడతలుగా గుణుపురమువరకు పొడిగించిరి. అప్పటికి మొత్తము దారి సుమారు 90 కిలోమీటర్లు. నౌపడనుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడి. అచ్చటినుండి కాశీనగరము మీదుగా గుణుపురము. పట్టాల నడిమి వెడల్పు రెండడుగుల ఆరంగుళములు, అనగా 762 మిల్లీమీటర్లు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు మా యూరు ఒరిస్సాకును, పొరుగుననున్న పాతపట్నము మద్రాసు రాష్ట్రమునకును చెందెను. నడుమ సరిహద్దు వచ్చి కూర్చున్నది గాని పట్టాలు తెగలేదు.

తెగని ఆ పట్టాలవలననే మా ఇండ్లలో తెలుగు నిలిచినదని చెప్పినచో అతిశయోక్తి కాదు. మా అమ్మ పుట్టిల్లు టెక్కలి. మేనమామలు ఉగాదికి పంచాంగమును, వేసవికి మామిడిపండ్లను, దసరాకు కొత్తబట్టలను ఆ రైలులోనే తెచ్చెడివారు. పిల్లనిచ్చుట, పిల్లను తెచ్చుకొనుట, పురుడు, పుష్కరము, చావు కబురు, అన్నియు ఆ చిన్న పెట్టెలలోనే రాకపోకలు సాగించినవి. దాని నడకను గూర్చి మా ప్రాంతమున హాస్యములకు కొదువ లేదు. వేగిరము పోవలెనన్నచో నడచిపొమ్మనియు, తీరిక యున్నచో రైలెక్కుమనియు మా తాతగారు అనెడివారు. అయినను ఆ నడకకు మేము అలవాటుపడితిమి. నౌపడ ఉప్పుమళ్ళ గాలి ముఖమునకు తగులగనే పెద్ద రైలు అందుకొనుటకు సామాను సర్దుకొనుట మా కుటుంబములందరికిని తెలిసిన పని.

2002లో ఈ లైనును బ్రాడ్ గేజిగా మార్చుటకు శంకుస్థాపన జరిగెను. 2004 జూనులో చిన్న బండి నిలిచిపోయినది. తరువాత పెద్ద పట్టాలు పడి 2010లో పర్లాకిమిడికిని, 2011లో గుణుపురమునకును పెద్ద బండ్లు వచ్చెను. ఈ మార్పును నేను నిందింపను. నౌపడలో దిగి, బిడ్డలను చంకనెత్తుకొని, బండి మారు బాధ తప్పినది. రోగిని విశాఖపట్నము తీసికొనిపోవలసినవారిని అడిగినచో పెద్ద పట్టాల విలువ చెప్పుదురు. కాని మేలు జరిగినప్పుడుకూడ పోయినదేదో లెక్క వ్రాసియుంచుట గుమాస్తా ధర్మము. అందుచేత 2002 మొదలు రెండేండ్లపాటు, ఆదివారములందు, ఒక టేపును, ఒక రూళ్ళపుస్తకమును చేతబట్టుకొని నేను స్టేషనునకు పోయెడివాడను. అప్పటి స్టేషను మాస్టరుగారు మొదట ఆశ్చర్యపడిరి. కారణము చెప్పగా నవ్వి అనుమతి ఇచ్చిరి. ప్లాట్‌ఫారము ఎత్తు, పెట్టె తలుపు వెడల్పు, కిటికీనుండి కిటికీకి దూరము, చెక్కబల్ల లోతు, స్లీపరునుండి స్లీపరునకు ఎడము, సిగ్నలు కంబము పొడవు, టిక్కెట్టు కిటికీ కమ్మీల సంఖ్య, ఇట్లు ఒక్కొక్కటి కొలిచి వ్రాసితిని. పుస్తకము 112 పుటలయినది. అది ఎందులకు పనికివచ్చునో నాకు అప్పుడు స్పష్టముగ తెలియదు. రైలుబండి నమూనాలు చేయువారు ప్రపంచమున గలరనియు, వారికి మొదట కావలసినది కొలతలేయనియు తరువాత తెలిసినది.

ఇచ్చట బొమ్మకును నమూనాకును గల భేదమును చెప్పవలసియున్నది. ఇంటిలో నాకు మొదట ఎదురైన ప్రశ్నయు అదియే. పెట్టె విప్పి పట్టాలు బయటికి తీయగనే మా ఇంటావిడ, “పింఛను డబ్బుల్తో బొమ్మలు కొనుక్కునీ వయిసేటండీ మీది?” అనెను. బొమ్మ రైలు రైలును తలపించినచో చాలును. నమూనా రైలు రైలునకు లెక్క చెప్పవలెను. పెట్టె పొడవును ఎన్నవ వంతు తగ్గించితిమో తలుపును, మెట్టును, కిటికీ కమ్మీని సైతము అన్నవ వంతే తగ్గింపవలెను. ఈ క్రమము ఒక్కనాట ఏర్పడినది కాదు. జర్మనీలో మెర్క్లిన్ కంపెనీవారు 1891లో లైప్‌జిగ్ సంతలో ఒకదానికొకటి అతుకు పట్టాలతో రైలు బొమ్మలు పెట్టి, గేజులకు క్రమసంఖ్యలు ఏర్పరచిరి. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీలు తిప్పిన నడచు రైళ్ళను అమ్మకమునకు తెచ్చెను. అమెరికాలో 1935లో నమూనా రైల్వేలవారు జాతీయ సంఘముగా ఏర్పడి, ఒకరు చేసిన పెట్టె వేరొకరి పట్టాలమీద నడచునట్లు చక్రములకును పట్టాలకును కొలతలు నిర్ణయించిరి. నేడు ఎక్కువ వాడుకలోనున్న పరిమాణమును హెచ్‌ఓ అందురు. అందు అసలు రైలులో 87వ వంతు నమూనా. పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఆ దేశములలోని ప్రధాన గేజి 1435 మిల్లీమీటర్లు గావున 87తో భాగించినచో లెక్క సరిపోవును.

మన దేశపు పెద్ద పట్టాల విషయమున ఆ లెక్క సరిపోదు. మన బ్రాడ్ గేజి అయిదడుగుల ఆరంగుళములు, అనగా 1676 మిల్లీమీటర్లు. ఒక సామాన్యమైన మనిషి పట్టాల నడుమ అడ్డముగా పరుండగల వెడల్పు అది. దానిని 87తో భాగించినచో 19 మిల్లీమీటర్లకు పైబడును. బజారులో దొరకు 16.5 పట్టాలమీద మన పెద్ద ఇంజనును నిలిపినచో లావుపాటి మనిషి ఇరుకు చెప్పులు తొడిగినట్లుండును. అనేకులు దానితోనే తృప్తిపడుదురు. తప్పు లేదు. చిన్న రైలువాడనైన నాకు ఆ చిక్కు లేదు. అదే పట్టాను మా గేజిగా భావించి, 762ను 16.5తో భాగించితిని. 46 వచ్చినది. తిరిగి 46ను 16.5తో గుణించి చూడగా 759. అసలు లైనుమీద 3 మిల్లీమీటర్లే కొరత. ఇంతకంటె దగ్గర లెక్క నా ఉద్యోగకాలమున ఏ ఖాతాలోను చూడలేదు. నాటినుండి మా ఇంటిలో సమస్తమును 46వ వంతే. అడుగు ఆరున్నర మిల్లీమీటర్లకు కొంచెము పైన. అంగుళము అర మిల్లీమీటరు పైన. అయిదడుగుల ఆరంగుళముల మనిషి 36 మిల్లీమీటర్ల ప్రతిమ. నౌపడనుండి పర్లాకిమిడివరకు మొత్తము దారి వేయవలెనన్నచో 870 మీటర్లు కావలెను. నా గది పొడవు 14 అడుగులు. అందు ఇమిడినది అసలు దారిలో 200 మీటర్లకు లోపే. అందుచేత పర్లాకిమిడి స్టేషను ఆవరణ మాత్రమే ఎన్నుకొంటిని. ఒక ప్రక్క నౌపడ వైపు, వేరొక ప్రక్క గుణుపురము వైపు లైను గోడలోనికి పోయినట్లు తెర కట్టితిని.

పెట్టెలు చేయుట సులభము, ఇంజను చేయుట కష్టము. పెట్టెలకు పలుచని ప్లాస్టిక్ రేకు, దళసరి అట్ట, అగ్గిపుల్లలు, పాత చీరపెట్టెల పైనుండు పారదర్శకపు కాగితము, ఇవియే సామాను. ప్రక్కగోడను ముందు బల్లపరుపుగా కోసి, కిటికీలు తొలిచి, రంగు వేసి, పిమ్మట మాత్రమే నాలుగు గోడలను నిలబెట్టవలెను. నిలబెట్టిన తరువాత రంగు వేయబోయినచో మూలలందు చేయి ఆడదు. చక్రములు లోహపువైతే మేలు. ప్లాస్టిక్ చక్రములు పట్టామీద మురికిని పరచును. ఒకే ఇరుసున గల రెండు చక్రముల లోపలి ముఖముల నడుమ ఎడము 14.4 మిల్లీమీటర్లకు దగ్గరగా నుండవలెను. అది తగ్గినను పెరిగినను పాయింట్లవద్ద బండి పట్టా తప్పును. తేలికయైన పెట్టె మలుపున బోల్తాపడును గనుక అడుగున బరువు చేర్చవలెను. హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళమునకు అర ఔన్సు చొప్పున బరువుండవలెనని అమెరికా సంఘమువారి సూచన. నా పెట్టెలు అంతకంటె పెద్దవి గావున కొంత హెచ్చుగనే వేసితిని. ఆ బరువునకు మా ప్రక్క బెస్తలు వలలకు కట్టెడి సీసపు గుండ్లు చక్కగా సరిపోయినవి.

ఇక ఇంజను. నేను కొలతలు తీయునాటికి మా లైనుమీద ఆవిరి ఇంజనులు పోయి డీజిలువి వచ్చియుండెను. కాని నా బాల్యమున చూచినది ఆవిరి ఇంజనునే. ఇంగ్లండులోని కెర్ స్టూవర్ట్ కార్ఖానావారిది. ముందు ఆరు చక్రములు ఒకదానితోనొకటి కడ్డీలతో కూడియుండును. వెనుక నాలుగు చిన్న చక్రములు బొగ్గుభారమును మోయును. నీటితొట్లు ఇరుప్రక్కల ఇంజనుమీదనే యుండును గాన వెనుక వేరుగా టెండరు పెట్టె లేదు. లేని ఇంజనును కొలుచుట యెట్లు? దానికొక ఉపాయము గలదు. ఇంజను ముఖమునకు నేరుగా ఎదుట నిలబడి తీసిన ఛాయాచిత్రము దొరికినచో, దాని చక్రముల క్రింది పట్టాల నడిమి దూరము 762 మిల్లీమీటర్లని మనకు ముందే తెలియును. చిత్రములో అది ఎన్ని మిల్లీమీటర్లున్నదో కొలిచి, ఆ నిష్పత్తితో పొగగొట్టము లావు, బాయిలరు వెడల్పు, కప్పు ఎత్తు రాబట్టవచ్చును. ప్రక్కనుండి తీసిన చిత్రములో ముందు రాబట్టిన చక్రపు కొలతయే మరల మూలము. త్రైరాశికము తెలిసినవానికి పోయిన ఇంజనుకూడ పూర్తిగా పోదు.

అడుగు చట్రమును, మోటారును నేను చేయలేదు. ఆరు చక్రముల హెచ్‌ఓ షంటింగు ఇంజను ఒకటి తెప్పించి, పైతొడుగు విప్పి, చట్రము మాత్రము తీసికొంటిని. అందలి చిన్న మోటారు వేగముగా తిరుగును. దాని కొననున్న మరచుట్టు పళ్ళచక్రమును మెల్లగా త్రిప్పును. ఆ మెల్లదనమే బలమగును. పై భాగమునకు అర మిల్లీమీటరు ఇత్తడి రేకును కత్తిరించి, ఆకురాయితో అంచులు సరిచేసి, టంకముతో అతికితిని. అతికెడిచోట లోహము అద్దమువలె శుభ్రముగ నుండవలెను. కడ్డీ వేడిమి రేకునకు ఎక్కినపిమ్మట టంకము తనంత తానే నీరువలె ప్రాకిపోవును. ఊపి రుద్దిన పని నిలువదు. బాయిలరుపై గుండ్రని ఆవిరిగుమ్మటము, కొంచెము విచ్చుకొన్న పొగగొట్టపు మూతి మాత్రము రేకుతో కుదురలేదు. మా యూరు కొమ్ముపనికి పేరుపడినది. పశువుల కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేయు కళాకారులు తరతరములుగా ఇచ్చట నున్నారు. వారిలో ఒకరు నా పటమును చూచి, నల్లకొమ్ము ముక్కను సానపట్టి, రెండు రోజులలో గుమ్మటమును పొగగొట్టమును తెచ్చియిచ్చిరి. వానికి రంగు వేయనక్కరలేకపోయెను. సానపట్టిన కొమ్ము నలుపునకు సాటివచ్చు నలుపు ఏ రంగుడబ్బాలోను లేదు. డబ్బు పుచ్చుకొనక, బండి నడచునాడు పిలువుమని మాత్రము కోరిరి. పిలిచితిని. తమ పొగగొట్టము ప్లాట్‌ఫారము దాటి పోవుట చూచి ఆయన చాలసేపు మాటలాడలేదు.

నడుపుట విద్యుత్తుతో. రెండు పట్టాలలో ఒకటి ధనము, రెండవది ఋణము. పన్నెండు వోల్టులు మించని ప్రవాహము గనుక పిల్లలు తాకినను భయము లేదు. కుడి చక్రములు ఒక పట్టానుండి విద్యుత్తు గ్రహించును. ఎడమ చక్రములు రెండవ పట్టాకు చేర్చును. నడుమ మోటారు తిరుగును. మీట మార్చి ధనఋణములను తారుమారు చేసినచో బండి వెనుకకు నడచును. ఎక్కడో ఒక ఇనుపమేకు రెండు పట్టాలను కలిపినచో సమస్తమును నిలిచిపోవును. నేడు అంకెల సంకేతములతో ఒకే పట్టాపై రెండు ఇంజనులను వేర్వేరుగా నడపు పద్ధతియు వచ్చినది. ఒక్క ఇంజనుగల స్టేషనునకు అంతటి ఆడంబరము అవసరము లేదు.

బండి కదలనప్పుడు ముందుగా ఇంజనును విప్పుట తగదు. నూటికి తొంబది పర్యాయములు దోషము పట్టాలదే. గాలిలోని తేమకు, వంటింటి నూనె ఆవిరికి, దుమ్మునకు పట్టాపై కంటికి కనబడని పొర ఏర్పడును. దాని గుండా విద్యుత్తు పారదు. స్పిరిటులో తడిపిన మెత్తని గుడ్డతో పట్టాను, పిమ్మట చక్రములను తుడిచినచో నిద్రలేచినట్లు కదలును. గరుకు కాగితముతో రుద్దినచో గీతలు పడి ఆ గీతలలో మరల మురికి చేరును. కదలికల చోట కుట్టుమిషను నూనె సూదిమొనతో ఒక్క బొట్టు చాలును. కొబ్బరినూనె, ఆవనూనె కొన్నాళ్ళకు జిగురై పళ్ళను పట్టివేయును. అతుకులను నమ్మి విద్యుత్తును దూరము పంపరాదు. ప్రతి మూడడుగులకు ఒక తీగను క్రిందనుండి పట్టాకు టంకము పెట్టవలెను. వర్షాకాలమున బల్ల ఉబ్బును. వేసవిలో పట్టా సాగును. గావున అతుకులవద్ద పలుచని రేకు మందము ఎడము విడువవలెను. అన్నిటికంటె ముఖ్యమైన మందు వేరొకటి గలదు. వారమునకొకసారియైన బండిని నడపవలెను. నడచుచున్న చక్రమునకు మురికి తక్కువ పట్టును. అద్దాల బీరువాలో భద్రముగ దాచిన ఇంజను ఆరు నెలలకు కదలదు. దానికి ఎవరును హాని చేయలేదు. ఎవరును నడపలేదు, అంతే.

ఈ మాట వ్రాయునప్పుడు నా మనస్సులో మెదలునది ఇంజను ఒక్కటియే కాదని పాఠకులు గ్రహించియే యుందురు. మా తాతగారికి తెలుగు చదువుట, వ్రాయుట, పద్యము చెప్పుట వచ్చును. మా తండ్రిగారికి చదువుట, వ్రాయుట వచ్చును. నాకును వచ్చును. మా అబ్బాయి తెలుగు అక్షరములను కూడబలుకుకొని చదువును. భువనేశ్వరములో పెరుగుచున్న మా మనుమడు తెలుగు మాటలాడును గాని, మొన్నమొన్నటివరకు వానికి అక్షరములు గోడమీది ముగ్గులు. దానికై వానిని గాని, వాని తలిదండ్రులను గాని తప్పుపట్టలేను. వానికి బడిలో అవసరమైనవి వేరు భాషలు. అవసరము లేని అక్షరమును ఏ పిల్లవాడు నేర్చుకొనును? తెలుగు మన తల్లిభాష యని నేను ఎన్నిసార్లు ఉపన్యసించినను వాడు వినయముగా తల యూపి ఆటకు పోయెడివాడు.

మూడేండ్ల క్రిందటి వేసవి సెలవులలో వాడు రైలు నడపుటకు మేడయెక్కినాడు. మీటల బల్లమీద గుర్తులన్నియు నేను తెలుగున వ్రాసియుంటిని. ఎవరికో నేర్పవలెనని కాదు. అది నా గది, నా చేతివ్రాత. నౌపడ వైపు, గుణుపురము వైపు, గూడ్సు లైను, ఆగుము, పొమ్ము. వాడు ఒక మీట నొక్కగా బండి గూడ్సు లైనులోనికి పోయి నిలిచినది. “తాతా, బండి కదల్దేటి?” అని అడిగెను. “దానిమీద ఏటి రాసుందో చదువుకో, బాబూ” అంటిని. చదువలేకపోయెను. మరునాడు ఒక కాగితముమీద ఆ అయిదు గుర్తులను చూచి గీసికొని, వాళ్ళ మామ్మను అడిగి ఒక్కొక్కటి తెలిసికొనెను. ఎవరిసాయము లేకుండ వాడు మొట్టమొదట చదివిన తెలుగు మాట ‘ఆగుము’. రెండు వారములు గడచునప్పటికి స్టేషను బోర్డును నాతోపాటు వాడును వ్రాసెను. అడుగు ఎత్తు అక్షరము 46వ వంతున ఆరున్నర మిల్లీమీటర్లే. నాలుగు వెండ్రుకల కుంచెతో ‘ర్లా’ యను ఒక్క అక్షరమునకు, దాని ఒత్తు ప్రక్క అక్షరమును తాకకుండునట్లు, మేము ఒక సాయంకాలము వెచ్చించితిమి. ఒడియా అక్షరములను మా పొరుగింటి విశ్రాంత ఉపాధ్యాయులు, నాకు నలుబదియేండ్ల మిత్రులు, తమ స్వహస్తముతో వ్రాసిరి. ఆ గుండ్రని అక్షరములును మన గుండ్రని అక్షరములును ఒకే పలకమీద ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు చూచువారికి అవి ఒక ఇంటి పిల్లలవలెనే కనబడును.

నడుపుటలోకూడ లెక్క గలదు. మొదట వాడు మీటను చివరివరకు త్రిప్పి బండిని బాణమువలె పరుగెత్తించెను. మా చిన్న రైలు అట్లు పరుగెత్తి యెరుగదు. గంటకు 20 కిలోమీటర్ల వేగమును 46తో భాగించినచో సెకనుకు 12 సెంటీమీటర్లు. నా బల్ల ఈ చివరనుండి ఆ చివరకు 35 సెకండ్లు పట్టవలెను. వానిచేత గడియారము పట్టించి, ఒకటి, రెండు, మూడు అని తెలుగున లెక్కపెట్టించితిని. ముప్పదియైదువరకు తెలుగు అంకెలు అట్లు పట్టువడినవి. ఆ నడకకు బండి వచ్చినప్పుడు గదిలో ఏదో మారినట్లు తోచును. అది బొమ్మ కాదు. టెక్కలినుండి మేనమామలు రావలసిన బండి.

ఈ యేడు సంక్రాంతికి వాడు రాలేదు, పరీక్షలు. కాని ఉత్తరమువంటిదొకటి పంపెను. మా లైనునకు తాను స్వయముగా తయారుచేసిన వేళల పట్టిక అది. బండ్ల పేర్లు, స్టేషనుల పేర్లు అన్నియు తెలుగున వ్రాసెను. గుణుపురమును ‘గునుపురం’ అని వ్రాసినాడు. ఎర్రసిరా తీసితిని గాని దిద్దలేదు. వాడుక ననుసరించి వ్రాసినాడు; పంతులుగారి ఊరివాని మనుమడు గదా. ఆ పట్టిక ప్రకారము ప్రతి ఆదివారము ఉదయము నేను బండి నడపి, సరిగా చేరినదో ఆలస్యమైనదో వానికి ఫోనున నివేదింపవలెను. ఉద్యోగమున నాకు ఇంత కచ్చితమైన పై అధికారి లభింపలేదు. నా తరువాత ఈ బండిని ఎవరు నడపుదురన్న ప్రశ్న నాకు లేదనను. రాత్రులందు వచ్చును. ఆ పట్టిక చేతికి వచ్చిననాటినుండి కొంచెము తక్కువగా వచ్చుచున్నది.

ఈ సంచిక చదువు మన కుటుంబములు ఒక్కచోట లేవు. కాని ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్క చిన్న బండి గలదు. మహారాష్ట్రమున బార్సీ లైను మాదానివలెనే రెండడుగుల ఆరంగుళములది. 1897లో మొదలై, 2008 నాటికి పూర్తిగా బ్రాడ్ గేజి అయినది. నాగపూరున మోతీబాగులో 2002లో తెరచిన న్యారో గేజి మ్యూజియములో ఆ జాతి ఇంజనులను తాకి చూడవచ్చును. కర్ణాటకమువారికి 1979నాటి మైసూరు రైలు మ్యూజియము సమీపమున నున్నది. తమిళనాడువారికి నీలగిరి కొండబండి నేటికిని నడచుచున్నది. అది మీటరు గేజి గనుక 1000ని 16.5తో భాగించినచో సుమారు 60వ వంతు వచ్చును. అదే పట్టా వారికిని పనికివచ్చును. యానాములో రైలు స్టేషను లేదు. గోదావరి పడవకు పట్టాలు అక్కరలేదు గాని టేపు తప్పక కావలెను.

రైలే కానక్కరలేదు. మన తాతలు కట్టిన పెంకుటిండ్లు, వీధి అరుగులు, పాత తెలుగు బడి గదులు, నూతి గిలకలు ఎన్నో రేపు మాపు పోవుటకు సిద్ధముగా నున్నవి. పోనిండు, వానిస్థానమున మేలైనవి వచ్చునేమో. పోవుటకు ముందు ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని టేపు పట్టుకొని వెళ్ళుడు. ఒక కొస మీరు పట్టుకొని, రెండవ కొస వారిచేత పట్టించుడు. అంకెలు తెలుగున చెప్పించి తెలుగున వ్రాయించుడు. ఫొటో తీసినంతమాత్రమున చాలదు. పట్టాల వెడల్పువలె తెలిసిన కొలత ఒక్కటియైన అందు లేనిచో ఆ ఫొటోనుండి రేపు ఏమియు కట్టలేరు. వీలైనచో చిన్నదిగా కట్టుడు. కట్టినదానిని బీరువాలో పెట్టక వారమునకొకసారి దుమ్ము తుడిచి నడపుడు. చూచినది మరపునకు వచ్చును. కొలిచినది పుస్తకమున మిగులును. నడిపినది బ్రతుకును.